దుంప బిగోనియా: కుళ్ళకుండా మొలిపించి, మొగ్గ రాలకుండా పూయించడం

దుంప చేతికి రాగానే ఒకసారి తిప్పి చూడండి. ఒక పక్క చిన్న గిన్నెలా పల్లంగా ఉంటుంది, రెండో పక్క గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. పల్లంగా ఉన్నదే పైభాగం. లేత గులాబీ రంగు కళ్ళు ఆ పల్లంలోనే లేస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియకే చాలా దుంపలు తలకిందులుగా మట్టిలోకి పోతుంటాయి. అలా పాతినా మొలక చుట్టు తిరిగి పైకి రావచ్చు కానీ, దుంపలో దాచుకున్న సత్తువంతా ఆ తిప్పలకే ఖర్చవుతుంది.

ఈ మొక్కకు గండం కూడా ఆ పల్లంలోనే ఉంది. అందులో నీళ్లు నిలిస్తే కన్ను మెత్తబడి, నల్లబడి, దుంప లోపలికంటా కుళ్ళు దిగుతుంది. తర్వాత కాడ కుళ్ళినా, ఆకు మీద బూడిద కమ్మినా, మొగ్గ రాలినా కారణం వెతుక్కుంటూ పోతే ఎక్కువసార్లు తేలేవి మూడే: తడి నిలవడం, గాలి ఆడకపోవడం, రాత్రి చల్లబడకపోవడం.

దీని పుట్టుక తెలిస్తే ఈ పట్టింపులన్నీ అర్థమవుతాయి. దుంప బిగోనియా పూర్వీకులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలవి. 1860లలో రిచర్డ్ పియర్స్ అనే మొక్కల సేకర్త బొలీవియా, పెరూ కొండల నుంచి ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీకి కొన్ని జాతులు పంపాడు. ఆ నర్సరీలోనే జాన్ సెడెన్ వాటిని కలిపి తీసిన తొలి సంకరం 1870లో బయటికి వచ్చింది. ఇప్పుడు మనం చూసే చేటంత పూలన్నీ ఆ దారిలో వచ్చినవే. కొండ వాలు మీద రాళ్ల సందుల్లో, కుళ్ళిన ఆకుల మట్టిలో, మంచు తెమ్మరలో బతికిన మొక్క అది. వాన పడుతుంది, నీరు వెంటనే జారిపోతుంది. ఎండ మబ్బుల చాటు నుంచి వస్తుంది. రాత్రి చలి. కుండీలో మనం చేయాల్సిందల్లా ఆ వాలును తలపించడమే.

ఏ రకం, ఎంత దుంప

కుండీకి నిటారుగా పెరిగే పెద్ద పూల రకం బాగుంటుంది. మొక్క 30 నుంచి 45 సెంటీమీటర్లు లేస్తుంది, పువ్వు 10 నుంచి 15 సెంటీమీటర్లు, బాగా మేపితే ఇంకా పెద్దదీ అవుతుంది. అదే రకాన్ని తోట మడిలో పెడితే ఒక్క జోరువానకు పూలు బరువెక్కి కాడలు విరుగుతాయి. మడికి మల్టీఫ్లోరా, నాన్‌స్టాప్ వంటి చిన్న పూల రకాలే ఎంచుకోండి. 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో పొదలా గుబురుకుంటాయి, కాస్త వేడినీ ఓర్చుకుంటాయి, వాన వెలిసిన రెండు రోజులకు మళ్లీ కొత్త పూలతో నిలబడతాయి. వేలాడే రకాలు వేరు, వాటి సన్నని కాడలు అంచు మీదుగా కిందికి జారతాయి కాబట్టి తగిలించే బుట్టల్లోనే అందం.

దుంప కనీసం 4 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. బొటనవేలితో నొక్కితే రాయిలా గట్టిగా ఉండాలి, పరిమాణానికి తగ్గ బరువుండాలి. మెత్తగా లోపలికి దిగే చోటు ఒక్కటి ఉన్నా తీసుకోకండి. పైన పొడిబారిన మట్టీ, ఎండిన వేళ్ళూ ఉంటే నష్టం లేదు. కన్ను అప్పుడే ఉబ్బుతున్న దుంప దొరికితే అదృష్టమే, అది లేచిందని తెలుస్తుంది. మొలక మూడు నాలుగు సెంటీమీటర్లు సాగి తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం వద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పగలు 18 నుంచి 24 డిగ్రీలు, రాత్రి 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉండే నెలలు దీని పూల కాలం. మంచు గడ్డకట్టే చోట ఆఖరి మంచు పోయే తేదీకి 8 నుంచి 10 వారాల ముందు ఇంటి లోపల దుంపలను లేపాలి. వేసవి మండే చోట లెక్క తిరగబడుతుంది. అక్కడ పగటి వేడి 30 డిగ్రీలు దాటని నెలలు ఏవో చూసుకుని, మొక్క ఆ రోజులకు పూతకు వచ్చేలా మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి.

ఈ లెక్కలో ఎక్కువమంది వదిలేసేది పగటి పొడవు. పగలు 12 గంటలకు దగ్గరగా తగ్గుతూ వస్తే ఈ మొక్క పూలు మాని దుంప ఊరే పనిలో పడుతుంది. చల్లని వాతావరణం ఉందని చలికాలంలో పెట్టిన మొక్కలు నాలుగు ఆకులు వేసి, పువ్వు లేకుండానే పసుపు తిరిగిపోవడం ఇందువల్లే. దానికి మందు ఎరువు కాదు, వెలుతురు. సాయంత్రం పొద్దుగూకిన తర్వాత మొక్కకు అర మీటరు పైన ఒక మామూలు ఎల్ఈడీ దీపం వెలిగించి, పగలూ దీపం కలిపి 14 గంటలు వచ్చేలా చూస్తే చాలు. మొలక లేచిన నాటి నుంచి మొగ్గలు నిండుగా కనిపించేదాకా ఒక్క రాత్రి కూడా మానకుండా ఇవ్వాలి.

మొలిపించడం

7 లేదా 8 సెంటీమీటర్ల లోతున్న, అడుగున చిల్లులున్న ట్రే తీసుకోండి. అందులో కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మూడు పాళ్ళు, పెర్లైట్ (గాలి ఆడటానికి కలిపే తేలికైన తెల్లని గుళికలు) ఒక పాలు. కోకోపీట్‌ను ముందు రెండుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండి పారబోయాలి, లేకపోతే అందులోని ఉప్పు లేత వేళ్ళను కాలుస్తుంది. గుప్పెట్లో గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలాలి. అంతకన్నా తడి ఉంటే ఒక పూట ఆరనివ్వండి.

దుంపను పల్లం పైకి ఉండేలా కూర్చోబెట్టి, చుట్టూ మిశ్రమం సర్ది, పైన ఒక సెంటీమీటరు పలచగా కప్పండి. పూర్తిగా బయటికి వదిలేయమనే సలహా కూడా వినిపిస్తుంది. కన్ను కుళ్ళదని దాని ఉద్దేశం. కానీ ఈ దుంపకు వేళ్ళు అడుగునుంచే కాదు, పక్కల నుంచీ పైఅంచు నుంచీ కూడా వస్తాయి. పైన పలచని కప్పు లేకపోతే ఆ వేళ్ళు ఎండిపోతాయి. కప్పండి, కానీ దాని మీద నీళ్లు పోయకండి. పోయాల్సి వస్తే ట్రే అంచుల వెంట, కొద్దికొద్దిగా.

వేడి 18 నుంచి 21 డిగ్రీలు ఉంటే మూడు నుంచి ఆరు వారాల్లో మొలక కనిపిస్తుంది. ఒకే ట్రేలో ఒకటి మూడు వారాలకే లేస్తే, పక్కది నెలన్నర పడుకుని ఉండవచ్చు. లేవలేదని తవ్వి చూడటం, ఇంకొన్ని నీళ్లు పోయడం రెండూ చేటే. అంతగా అనుమానం ఉంటే పక్క నుంచి వేలు పెట్టి దుంపను తాకండి. గట్టిగా ఉంటే బతికే ఉంది. మొలక తల ఎత్తిన రోజు నుంచే వెలుతురు కావాలి, చీకట్లో రెండు మూడు రోజులున్నా కాడ సాగిపోతుంది.

కుండీ మార్చడం, మొలకలు ఎంచడం

మొలక 4 లేదా 5 సెంటీమీటర్లు వచ్చి రెండాకులు విచ్చాక 12 సెంటీమీటర్ల కుండీలోకి మార్చండి. ఆ కుండీ నిండా వేళ్ళు అల్లుకున్నాక 20 నుంచి 25 సెంటీమీటర్ల కుండీలోకి. మొదటే పెద్ద కుండీలో పెడితే పని తగ్గుతుంది కదా అనిపిస్తుంది. అయితే వేళ్ళు చేరని మట్టిలోని తడిని పీల్చేవాళ్ళుండరు. ఆ తడి అలాగే పులిసి, అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. అందుకే మెట్లు మెట్లుగా.

మిశ్రమం: బాగా చివికిన ఆకు ఎరువు మూడు పాళ్ళు, కోకోపీట్ మూడు, పెర్లైట్ లేదా కడిగిన ముతక ఇసుక రెండు, వర్మికంపోస్ట్ ఒకటి. కొంచెం పుల్లనేల ఇష్టం, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. సున్నం కలపకండి. కుండీలో తోట మట్టి కూడా వేయకండి, నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి అది అట్టకట్టి గాలిని మూసేస్తుంది. వేసిన మిశ్రమాన్ని అదిమి నొక్కక్కర్లేదు, కుండీని నేలకు రెండుసార్లు తట్టితే సర్దుకుంటుంది.

ఒక దుంపకు నాలుగైదు మొలకలు వస్తే అన్నీ ఉంచాలనే ఆశ పుడుతుంది. పెద్ద పువ్వు కావాలంటే ఒక్కటే ఉంచండి, నిండుగా కావాలంటే రెండు లేక మూడు. మిగిలినవి 7 నుంచి 10 సెంటీమీటర్లు ఎదిగాక దుంప అంచుకు ఆనించి, చిటికెడు మడమతో, అంటే కాడ మొదట అంటిన చిన్న దుంప ముక్కతో సహా కోసి తీయండి. అవే కొత్త మొక్కలు. కోసిన చోట ఒక పూట ఆరనిచ్చి, తడి కోకోపీట్, పెర్లైట్ సగం సగం కలిపిన దాంట్లో గుచ్చి నీడలో పెడితే మూడు నాలుగు వారాల్లో వేళ్ళు వస్తాయి. మడమ, దాని దగ్గర కన్ను ఉన్న ముక్కే చివరికి దుంప ఊరుతుంది. కాడ మధ్యలో తుంచిన ముక్క ఆ ఏడాది పూసినా పూస్తుంది కానీ, మరుసటి ఏటికి మిగలడం అరుదు. దుంప మీద కోత పడిన చోట గంధకం పొడి గానీ బొగ్గు పొడి గానీ అద్దండి.

ఊతకర్రను చివరి కుండీలోకి మార్చేటప్పుడే, దుంప కనపడుతుండగానే పాతాలి. తర్వాత గుచ్చితే సరిగ్గా దుంపలోంచే దిగుతుంది. కాడకు 5 సెంటీమీటర్ల దూరంలో, మొక్క వెనక వైపు. మరి ముందు ఏది, వెనక ఏది? ఆకులు చూడండి. ఈ మొక్క ఆకుల కొసలు దాదాపు ఒకే దిక్కుకు చూస్తాయి, పూలూ ఆ దిక్కుకే విచ్చుకుంటాయి. ఆకుకొసలు చూపరుల వైపు ఉండేలా కుండీ తిప్పినా, మడిలో నాటినా, పూలన్నీ ముఖం చూపిస్తాయి. గోడ పక్క మడిలో వెనక్కి తిప్పి నాటితే సీజనంతా పూల వీపులే చూడాల్సి వస్తుంది. కాడ నీటితో నిండి పెళుసుగా ఉంటుంది కాబట్టి మెత్తటి గుడ్డ పీలికతో, ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి.

మడిలో

నేలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేసిన మడి, పైన 5 నుంచి 8 సెంటీమీటర్ల మందంగా చివికిన ఆకు ఎరువు పరిచి, పలుగు లోతున కలపాలి. పొద్దున రెండు మూడు గంటల లేత ఎండ, మిగతా రోజంతా పలచని చెట్టునీడ పడే చోటు చూడండి. వేళ్ళతో పోటీపడే పెద్ద చెట్టు మొదలు వద్దు. మధ్యాహ్నపు ఎండ తప్పకపోతే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. చిన్న పూల రకాలకు మొక్కకూ మొక్కకూ 25 సెంటీమీటర్లు, పెద్దవాటికి 30 నుంచి 35. తొలి వారాల్లో మడి బోసిగా కనిపించి ఇంకో వరుస ఇరికించాలనిపిస్తుంది. ఆ ఖాళీయే తర్వాత ఆకుల మధ్య గాలి దారి.

బుట్టల సంగతి చిన్నదే: 30 సెంటీమీటర్ల బుట్టకు మూడు దుంపలు, మొలకలేవీ తీయకండి, కాడలు 10 సెంటీమీటర్లు రాగానే కొసలు ఒకసారి తుంచండి. బుట్ట తొందరగా ఆరుతుంది, రోజూ చూడాలి.

నీళ్లు, ఎరువు

పై నుంచి రెండు సెంటీమీటర్ల దాకా వేలు పెట్టి, పొడిగా తగిలితేనే పోయండి. పోసినప్పుడు అడుగు చిల్లుల నుంచి కారేదాకా పోసి, కింద పళ్ళెంలో నిలిచినదాన్ని పారబోయండి. పొద్దున పూటే పోయాలి, కాడ మొదలు తడవకూడదు, ఆకులు తడవకూడదు. గాలి పొడిగా ఉందని ఆకుల మీద చిలకరించడం ఈ మొక్కకు మేలు కాదు. దాని బదులు కుండీల కింద వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్లు మునగకుండా నీళ్లు ఉంచండి. నీడలో మొక్క వాలిపోయి, మట్టి మాత్రం తడిగా ఉంటే అది దాహం కాదు, వేరు కుళ్ళు. అప్పుడు నీళ్లు పోస్తే అంతే సంగతులు.

ఎరువు రెండో కుండీలో కుదురుకున్న రెండు వారాల తర్వాత మొదలవ్వాలి. నీళ్లలో కరిగే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది) లీటరుకు ఒక గ్రాము, పదిరోజులకోసారి, ముందు మామూలు నీళ్లతో తడిపిన మట్టి మీద. మొగ్గలు కనిపించగానే పొటాష్ ఎక్కువున్న 13-0-45 లీటరుకు ఒక గ్రాముకు మారండి. మొక్కే చెబుతుంది కూడా. ఆకులు ముదురు ఆకుపచ్చగా, అంచులు కిందికి ముడుచుకుని, గాజులా పెళుసుబారితే నత్రజని ఎక్కువైంది, మూడు వారాలు మామూలు నీళ్లే ఇవ్వండి. ఆకులు పాలిపోయి పైకి గిన్నెలా ముడుచుకుంటే తిండి చాలలేదు.

పూలు

ప్రతి గుత్తిలో మధ్యలో ఒక మగ పువ్వు, చెరో పక్క చిన్న ఆడ పూలు ఉంటాయి. ఆడ పువ్వు వెనక మూడు రెక్కల కాయ కనిపిస్తుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ముద్దపువ్వయ్యేది మధ్యదే. పక్కవి బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేస్తే దాని పరిమాణం కళ్ళెదుటే పెరుగుతుంది. ఇంకా పెద్ద పువ్వు కోరేవారు మొదటి మొగ్గలను ఆరు వారాల దాకా తీసేస్తారు. మొక్క కండ పట్టాక వదిలిన మొగ్గలు అరచేతిని కప్పేస్తాయి. మడిలోని చిన్న రకాలకు ఈ గిల్లుళ్ళేవీ అక్కర్లేదు.

రాలిన రేకలను ఆకుల మీద వదలకండి. బూజు తెగులు మొదట పట్టేది వాటికే, అక్కడి నుంచి ఆకుకు, కాడకు పాకుతుంది. నిండుగా విచ్చిన పువ్వును కోసి వెడల్పాటి పళ్ళెంలో నీటి మీద వదిలితే రోజుల తరబడి వాడదు. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని గ్రాండ్ ప్లాస్ కూడలిలో 1971లో తొలిసారి పరిచిన పూల తివాచీకి ఈ పూలే వాడారు.

చెడేది ఎక్కడ

మొగ్గ విచ్చకుండానే రాలుతుంటే ముందు థర్మామీటరు చూడండి. పగలు 30 దాటి, రాత్రి 20 కిందకు దిగకపోతే రాలడం ఆగదు. కుండీని చల్లని వైపు మార్చి, నేల మీద నీళ్లు చల్లడం తప్ప మందు లేదు. వేడి లేకుండానే రాలితే, ఒకసారి ఎండగట్టి ఒకసారి ముంచడం గానీ, మొగ్గల మీద ఉన్న కుండీని పదేపదే జరపడం గానీ కారణం.

బూడిద తెగులు పగలు పొడి, రాత్రి చెమ్మ ఉండే రోజుల్లో వస్తుంది. ఆకు మీద రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ కనపడిన రోజే ఆ ఆకు తీసేసి, పొటాషియం బైకార్బొనేట్ లీటరుకు 5 గ్రాములు, నాలుగు చుక్కల మెత్తటి సబ్బు కలిపి, ముందు ఒక ఆకు మీద పరీక్షించి, వారానికోసారి కొట్టండి. నీటిలో కలిసే గంధకం కూడా పనిచేస్తుంది, కానీ 30 డిగ్రీల వేడిలో కొడితే ఆకులు మాడతాయి. గాలి దారి లేకపోతే ఏ మందైనా వారం ముచ్చటే.

కాడ మొదట్లో గోధుమరంగు నీటి మచ్చ కనిపిస్తే పదునైన చాకుతో ఆరోగ్యమైన కణజాలం దాకా కోసి, గంధకం అద్ది, ఆరేదాకా నీళ్లు ఆపండి. దుంప గట్టిగా ఉంటే మళ్లీ మొలుస్తుంది. లేత ఆకులు గిడసబారి, అడుగున తుప్పు రంగు తేలితే కంటికి కనపడని నల్లి. రేకల మీద వెండి గీతలుంటే తామర పురుగులు. ఈనెల మధ్య గదులు గదులుగా గోధుమ మచ్చలు పడితే ఆకు నులిపురుగులు, ఆ మొక్కను వెంటనే తీసి తగలబెట్టాలి. చల్లని దేశాల్లో అన్నిటికన్నా చేటు చేసేది వైన్ వీవిల్ అనే ముక్కు పురుగు పిల్ల. కాళ్ళు లేని తెల్లని పురుగు, గోధుమ తల, సున్నాలా ముడుచుకుని దుంపను లోపల్నుంచి తొలిచేస్తుంది. మొక్క నిష్కారణంగా వాలితే కుండీ బోర్లించి వెతకండి.

దుంపలో ఆక్సలేట్లనే హాని చేసే పదార్థాలుంటాయి. కుక్కలు, పిల్లులు తవ్వి కొరకకుండా చూడండి.

పడుకోబెట్టడం

పగలు పొట్టివై ఆకులు పసుపు తిరగగానే ఎరువు ఆపి, మూడు నాలుగు వారాల్లో నీళ్లు క్రమంగా తగ్గించి మానేయండి. కాడలు వాటంతట అవే దుంప నుంచి విడిపోవాలి. తొందరపడి లాగితే దుంప చీలుతుంది, కోసిన మొద్దు మిగిలితే అది కుళ్ళి దుంపను పట్టుకుంటుంది. మడిలోవాటిని తొలి మంచుకు ఆకు మాడగానే మట్టిముద్దతో సహా తవ్వి, వాన తగలని గాలిపాటు చోట రెండు వారాలు ఆరబెట్టండి. వేలు తగిలితే కాడ ఊడి వచ్చినప్పుడు మట్టి దులిపి, మెత్తటి మచ్చలుంటే గీకి, గంధకం అద్దండి. నీళ్లతో కడగకండి.

పొడి కోకోపీట్ నింపిన అట్టపెట్టెలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, 5 నుంచి 10 డిగ్రీల చోట ఉంచాలి. వేడి ప్రాంతాల్లో ఫ్రిజ్ అడుగున కూరగాయల అర పనికొస్తుంది, 5 కిందకు దిగకుండా లోపల థర్మామీటరు పెట్టి చూసుకోండి. ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. నెలకోసారి నొక్కి చూడండి. మెత్తబడినదాన్ని తీసేయాలి. ముడతలు పడుతున్నదానికి కోకోపీట్ మీద ఒక్క చెంచా నీళ్లు చిలకరిస్తే చాలు.

పెద్ద దుంపను రెండుగా కోసి పెంచుకోవాలంటే కళ్ళు ఉబ్బేదాకా ఆగండి. ప్రతి ముక్కకూ ఒక కన్ను ఉండేలా కోసి, గంధకం అద్ది, మూడు రోజులు ఆరనిచ్చి ట్రేలో పెట్టండి. మూడు నాలుగు నెలల నిద్ర తర్వాత పెట్టెలోనే పల్లంలో గులాబీ చుక్కలు తేలతాయి. అవి కనపడ్డాక క్యాలెండరు కోసం ఆగకుండా ట్రేలోకి, వెలుతురులోకి మార్చండి.